ఉత్తుత్తి గడియారం

నా ఉద్యోగం గురించి ఎవరికైనా చెప్పాలంటే నాకే నవ్వొస్తుంది. జనం తమ డబ్బును ఒక గడువు దాకా బ్లాక్‌చెయిన్ అనే కంప్యూటర్ ఖాతాపుస్తకంలో తాళం వేసి ఉంచుతారు. దాన్ని స్టేకింగ్ అంటారు. గడువు తీరాక అసలూ, దాని మీద కొంత లాభమూ తిరిగిచ్చేది మనిషి కాదు, ఒక ప్రోగ్రాం. అది మాట మీద నిలబడుతుందో లేదో ముందే చూడటం నా పని. అందుకని ఇక్కడ గల్ఫ్‌లో, దార్సైట్ అనే పేటలోని మా ఫ్లాట్‌లో, నా ల్యాప్‌టాప్‌లోనే ఒక ఉత్తుత్తి చెయిన్ నడుపుతాను. అందులో డబ్బూ ఉత్తుత్తిదే, గడియారమూ ఉత్తుత్తిదే. ఒక్క లైను రాస్తే నెలలు ఇట్టే దాటిపోతాయి.

అప్పుడు నా భార్యకు ఏడో నెల. మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నెలలు నిండేదాకా బిడ్డ కడుపులో నిలుస్తుందా అన్నదే మా ఇద్దరి భయం. మంచం పక్కనే కుర్చీ వేసుకుని పని చేసేవాణ్ణి.

"ఆ గడియారం నాకు గూడ జర ముందుకు జరుపరాదూ," అనేది ఆమె.

ఆ ప్రోగ్రాంకు పెట్టాల్సిన పరీక్షలన్నీ కోడ్‌లో రాశాను, ఒక్కటి తప్ప. ఓ సాయంత్రం దాని గురించే ఫోన్లో తోటి ఉద్యోగితో, "గడువుకు ముందే బయటికొస్తే ఎంత పోతది?" అన్నానో లేదో, వంట చేసే కడప అక్క గరిటెతో సహా గదిలోకి వచ్చేసింది.

"సందేళ ఏం మాటలు సార్ అవి? తథాస్తు దేవతలు తిరుగుతాంటారు."

ఇలాంటివి నమ్మేవాళ్లను ఆటపట్టించే మనిషిని నేను. అయినా ఫోన్ పెట్టేశాను. ఆ పరీక్ష పొద్దున పూట రాద్దామన్నా చెయ్యి రాలేదు. ఆఫీసువాళ్లు అడిగితే రేపు, ఎల్లుండి అంటూ తప్పించుకున్నాను.

నా భార్య కనిపెట్టేసింది.

"రాయి," అంది. "ముందుగాల వచ్చినోళ్లకు ఏం దక్కుతదో నాకు గూడ తెల్వాలె."

"లాభం పోతది. అసలు మాత్రం మొత్తం చేతికి రావాలె."

"గట్లనే రాయి మరి."

రాసి, ఆమె చూస్తుండగానే నడిపాను. ఎర్ర గుర్తు పడింది. ప్రోగ్రాం అసల్లోనూ కోత పెడుతోంది. ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది. ఆ ప్రోగ్రాం రాసినవాళ్ల వెంటపడి సరిచేయించి మళ్లీ నడిపాను. ఈసారి పచ్చ గుర్తు. ఆమె నా చెయ్యి పట్టుకుని అలాగే నిద్రపోయింది.

బిడ్డ గడువు దాకా ఆగలేదు. ఎనిమిదో నెల పడగానే వచ్చేసింది. తీసుకెళ్లి అద్దాల పెట్టెలో పెట్టారు. ఆస్పత్రి గోడ మీది గడియారం నేనేం రాసినా జరిగేది కాదు. దాని కిందే కూర్చుని, ఆ దేవతలనూ తిట్టుకున్నాను, వాళ్లకే దండమూ పెట్టుకున్నాను.

చివరికి ఒక పొద్దున నర్సు బిడ్డను తెచ్చి నా భార్య చేతుల్లో పెట్టింది. బుగ్గలు లేవు, ఒళ్లు లేదు, ఏడుపు మాత్రం ఉంది. నా భార్య ఆ చిన్న తలను గుండెకు ఆనించుకుంది.

"లాభం పోతే పోయింది," అంది. "అసలు చేతికొచ్చింది."