కరుణ టీచర్ చూడని ద్వీపం

ఈ నెల మొదటి సోమవారం ఉదయం బడికి బయలుదేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటుండగా కరుణ టీచర్ చెల్లెలు మరియమ్మ ఫోను చేసింది. "సరోజా, అక్క పలకట్లేదు" అన్నది. ఏడ్చేసింది. రోలుగుంట నుంచి నేను చోడవరం చేరేసరికి, కరుణ టీచర్ గారిని ఆసుపత్రికని అనకాపల్లి తీసుకుపోయిన కారు అప్పటికే వెనక్కి వచ్చి ఇంటి ముందు ఆగి ఉంది. గుండె దారిలోనే ఆగిపోయిందట. ఆ వార్తను నా చెవులు విన్నాయి గానీ నా బుద్ధి ఇవాళ్టికీ అంగీకరించడం లేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు వ్యాసరచన నేర్పుతున్నదాన్ని, ఈ వ్యాసం మొదలుపెట్టడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది.

చోడవరం బాలికల హైస్కూల్లో చదువుకున్నవారికి ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. తక్కినవారి కోసం చెబుతాను. సాంఘికశాస్త్రం బోధించారు, ముఖ్యంగా భూగోళం. పదవీ విరమణ చేసి ఎనిమిదేళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు మరియమ్మతో కలిసి చర్చి వీధిలో రెండు గదుల ఇంట్లో ఉండేవారు. ఆ నిరాడంబర జీవితంలో ఆమెకున్న ఐశ్వర్యమల్లా అట్ట ఊడిపోయిన ఒక అట్లాసు. దాన్ని ఎవరైనా వేలు తడుపుకొని తిప్పితే మాత్రం సహించేవారు కాదు.

నేను బుచ్చయ్యపేట నుంచి బస్సులో వచ్చి చదువుకున్న పిల్లని. మాది చెరకు వేసే కుటుంబం. మా ఊరు దాటితే చోడవరం, చోడవరం దాటితే అనకాపల్లి, అక్కడితో నా ప్రపంచం సమాప్తం. అటువంటి నాకు ఒక మధ్యాహ్నం టీచర్ నల్లబల్ల మీద గ్రీసు దేశం గీసి చూపించారు. పుస్తకం చూడకుండా, చేయి ఎత్తకుండా గీశారు. తరువాత సుద్దముక్కతో టకటకా చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. అవన్నీ ద్వీపాలట. కుడివైపు అంచున ఒక చుక్క పెట్టి, దాని మీద వేలు ఆనించి, "ఇది నాది" అన్నారు. క్లాసంతా ఘొల్లుమంది. "నవ్వండే, నవ్వండి. ఒకనాడు ఎల్తాను. అప్పుడు మీరే వచ్చి నన్ను బస్సెక్కిస్తారు" అన్నారు. ఆమె కూడా నవ్వుతున్నారు గానీ వేలు మాత్రం తీయలేదు.

ఆ చుక్క పేరు పత్మాసు. ఆమె పసితనంలో ఆదివారం బడిలో విన్న పేరు. ఒక వృద్ధ భక్తుణ్ణి రాజులు ఆ దీవికి ప్రవాసం పంపారని పాస్టరు గారు చెబుతూ ఉంటే ఈమె లేచి నిలబడి, "మరి అక్కడ ఆయనకి అన్నం ఎవరు వండేరండి?" అని అడిగిందట. పాస్టరు గారి దగ్గర సమాధానం లేదు. మొట్టికాయ ఒకటి ఉంటే అది ఇచ్చి కూర్చోబెట్టారట. "అరవై ఏళ్ళయినాది. ఇప్పటికీ ఎవడూ చెప్పలేదు. అందుకే నేనే ఎల్లి కనుక్కుంటాను" అనేవారు.

ఆమె విశ్వాసం అటువంటిది. ప్రార్థన లేకుండా కాఫీ అయినా ముట్టేవారు కాదు, ప్రశ్న లేకుండా ఏ ప్రసంగమూ వినేవారు కాదు.

నేను తెలుగు ఉపాధ్యాయినినయ్యాక ఆమె నన్ను మిక్కిలిగా ఆటపట్టించేవారు. ఒకసారి సాహిత్య సభలో నా ఉపన్యాసం విని బయటికి వచ్చి, "ఒసే సరోజా, గంట మాటాడేవు. అందులో మనిషి మాటాడే మాట ఒక్కటైనా ఉందా? సమాసం మీద సమాసం పేర్చేసేవు. ఊపిరాడలేదే నాకు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు ఆ వీధి తొక్కలేదు. ఎనిమిదో రోజున ఆమే రోలుగుంట వచ్చి, నా స్టాఫ్ రూములో కుర్చీ లాక్కుని, సంచిలోంచి చోడిపిండి రొట్టె, అదే రాగిరొట్టె, తీసి పెట్టారు. క్షమాపణ అడగలేదు. అడిగే అలవాటు ఆమెకు లేదు, రొట్టె పెట్టే అలవాటే ఉంది.

కిందటేడు జనవరిలో, "ఈ వేసవికి ఎల్దాం" అన్నారు. నేను పరిహాసమనుకున్నాను. ఆమె పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టారు. నాకు చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళి తెచ్చుకున్నారట. "నువ్వు కూడా తీయించు" అన్నారు. బడిపంతులమ్మను, వేసవి సెలవుల్లో తప్ప కదలలేను. ఆమె ఎప్పుడైనా వెళ్ళగలరు. ఆ మాటే అన్నాను: "సెప్టెంబరులో ఏదైనా టూరు వాళ్ళతో వెళ్ళండి టీచర్. ఎండా తగ్గుతుంది, రద్దీ తగ్గుతుంది." ఆమె ముఖం చిన్నబోయింది. "అంత దూరం ఎల్లి, అంత సముద్రం చూసి, అబ్బ అంటాను. ఆ అబ్బ అన్నది వినడానికి నా మనిషి ఒకరు ఉండొద్దా?" అన్నారు. మర్నాడే నేనూ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను.

ఇక ఆరంభమైన సన్నాహం ఏమని వర్ణించను! హైదరాబాదు నుంచి ఏథెన్సు, అక్కడి రేవులో ఓడ, ఓడలో ఒక పూట ప్రయాణం, ఆపైన దీవి. విమానం దిగడానికి ఆ దీవిలో చోటే లేదని తెలిసి పొంగిపోయారు. "మంచిదైంది. ఓడ దిగి నడిచి ఎక్కాలి" అన్నారు. అక్కడ అన్నీ రాతి మెట్లేనని ఎవరో చెబితే, రోజూ తెల్లవారగానే చర్చి మెట్లు పదిసార్లు ఎక్కి దిగడం మొదలుపెట్టారు. ఊరగాయ పట్టుకెళ్ళనిస్తారా లేదా అన్న విషయంలో మరియమ్మకూ ఆమెకూ మూడు రోజులు యుద్ధం నడిచింది. బెల్లం మాత్రం రెండు అచ్చులు పెట్టి తీరాలన్నారు. "ఆ ఊళ్ళో ఎవరింటికైనా ఎల్తే ఉత్త చేతుల్తో ఎల్తామా ఏటి?"

వీసా కోసం హైదరాబాదులో హాజరు కావాలి. కంప్యూటరులో దరఖాస్తు నింపే పని నాది. నా ఇంట్లో కూర్చుని ఆమెకు ఫోను చేశాను. పాస్‌పోర్టు నంబరు అడిగాను, చదివారు. పుట్టిన తేదీ అడిగాను, చెప్పారు. పేరు మాత్రం అడగలేదు. ముప్పై ఏళ్ళుగా పిలుస్తున్న పేరును ఎవరైనా అడుగుతారా? కరుణ అని నేనే టైపు చేసేశాను.

హైదరాబాదులో కౌంటరు వెనక ఉన్న అమ్మాయి మా కాగితాలు రెండుసార్లు చూసింది. "మేడమ్, అప్లికేషన్‌లో పేరు వేరు, పాస్‌పోర్టులో పేరు వేరు. ఇది తీసుకోలేం" అన్నది. అప్పుడు చూశాను ఆ పాస్‌పోర్టు లోపలి పుట. ఫొటో టీచర్‌ది. దాని పక్కన పేరు సింహాచలం.

మళ్ళీ హాజరు కావడానికి ఖాళీ ఎప్పుడుందని అడిగితే, జూన్ చివర అన్నారు. అప్పటికి బడులు తెరిచేస్తారు. బయట బెంచీ మీద కూలబడి ఏడ్చేశాను. టీచర్ నింపాదిగా పులిహోర పొట్లం విప్పి నా చేతికిచ్చారు. "మా నాయనమ్మ సింహాచలం కొండకి మొక్కుకుందంట. బడిలో ఆ పేరే సెప్పింది. తరవాత మా వాళ్ళు చర్చిలో చేరేరు, బాప్తిస్మంలో పాస్టరు గారు కరుణ అని పెట్టేరు. ఉద్యోగం కాగితాల మీద ఆ పేరుతో చేసేను, బతుకు ఈ పేరుతో బతికేను. మా వాళ్ళలో శానామందికి ఇంతే" అన్నారు. "నాకు ఎందుకు చెప్పలేదు టీచర్?" అన్నాను, కోపమూ దుఃఖమూ ఆపుకోలేక. "నువ్వు అడగలేదు. నేను తలవలేదు. తినే, ముందు తిను. దీవి ఏటైనా ఈదుకుంటూ పారిపోద్దా? వచ్చే వేసవికి ఎల్దాం."

వచ్చే వేసవి అన్న ఆ మాటను నేను గుడ్డిగా నమ్మాను.

కిందటి మే నెలలో ఆమె చేసిన పని ఒకటి చెప్పకుండా ఉండలేను. మేము బయలుదేరవలసిన రోజున నన్ను ఇంటికి పిలిచారు. వెళ్ళేసరికి సర్దిన పెట్టె హాలు మధ్యలో ఉంది. "ఇయాళ విమానం" అన్నారు. మూడో రోజున మళ్ళీ పిలిచి వరండాలో కుర్చీలు వేయించి, "ఇప్పుడు ఓడలో ఉన్నాం. అటు సూడు, ఎడంపక్క దీవి పోతంది" అన్నారు. అట్లాసు ఒళ్ళో ఉంది. ఎదురుగా చర్చి వీధి ఎండలో మాడిపోతోంది. మరియమ్మ మజ్జిగ తెచ్చి, "ఓడలో మజ్జిగ ఇస్తారేటి?" అంది. "మన ఓడలో ఇస్తారు" అన్నారు టీచర్. తొమ్మిది రోజుల ప్రయాణాన్నీ అలాగే పూర్తి చేయించారు. నా తప్పు నన్ను కాల్చేయకూడదనే ఆ ఆట అంతా ఆడారని నాకు అప్పుడే తెలుసు. అంతటి కారుణ్యమూర్తి.

ఈ ఏడు మార్చిలో మళ్ళీ హైదరాబాదు వెళ్ళాం. కౌంటరు దగ్గర ఆమె నిటారుగా నిలబడి, "నా పేరు సింహాచలం" అని చెప్పి, నా వైపు తిరిగి కన్ను గీటారు. వేలిముద్రలు వేశారు. తిరుగు రైల్లో ఆమెకు ఆయాసం వచ్చింది. "మెట్లు మానేసేను కదా, అందుకే" అన్నారు. నేను అదీ నమ్మాను.

ఆమెను సమాధి చేసిన తరువాతి ఆదివారం ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాస్టరు గారు వాక్యం చెబుతున్నారు. కొరియర్ అతను వచ్చి, వెనక వరుసలో ఉన్నవాళ్ళను, "సింహాచలం గారిల్లు ఎక్కడండి?" అని అడిగాడు. "ఆ పేరు గలోళ్ళు ఈ వీధిలో ఎవరూ లేరు బాబూ" అన్నారు వాళ్ళు. అతను వెళ్ళిపోతున్నాడు. నేను కుర్చీలు తోసుకుంటూ పరుగెత్తాను. "ఉన్నారు. ఇదే ఇల్లు" అన్నాను. "ఆవిడే సంతకం పెట్టాలండి" అన్నాడు. నేను బల్ల మీది ఫొటో చూపించాను. అతను పూలదండ వంకా నా వంకా చూసి, ఇక ఏమీ అడగకుండా కాగితం నా చేతికిచ్చాడు. కవరు విప్పితే పాస్‌పోర్టు, అందులో వీసా. మే నెల తేదీలు. అక్షరం తప్పు లేదు.

దాన్ని అట్లాసులో గ్రీసు పుట దగ్గర పెట్టాను. నా వీసా కూడా వచ్చింది. నేను వెళ్ళను. ఆ ఓడ మీద నుంచి ఎవరు అబ్బ అంటే నేను వినాలి?

మొన్న సమాధి మీద పలక చెక్కే అతను వచ్చాడు. పెన్సిలు చెవి పైనుంచి తీసి, "పేరు సెప్పండమ్మా, రాసుకుంటాను" అన్నాడు. మరియమ్మ దగ్గరికి వెళ్ళి, "టీచర్ పేరు ఏమని రాయించమంటావు?" అని అడిగాను. "రెండూ రాయించు సరోజా" అంది. రెండూ కాగితం మీద విడివిడిగా రాసి, మరియమ్మ చేత ఒకటికి రెండుసార్లు చదివించి ఇచ్చాను.

టీచర్, సమాసాలు లేకుండానే చెబుతున్నాను. మీ లాంటి మనిషి నాకు మళ్ళీ దొరకరు. ఈసారి పేరు అడిగే రాయించాను. ఆ ఒక్క ప్రశ్న కిందటేడు ఫోనులో అడిగి ఉంటే, మీరు ఆ దీవి మెట్లు ఎక్కి ఉండేవారు.