తెల్ల పొగ

నా చిన్నప్పుడు మా పేట మొత్తానికీ కారున్నది మా మామయ్య ఒక్కడికే. మా అమ్మకు తమ్ముడాయన. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. చిలకలూరిపేటకు లోపలగా, పత్తిచేల మధ్య ఉండే చిన్న ఊరు మాది. మా పేటలో ఆడా మగా అంతా ఆ చేలల్లోకే కూలికి వెళ్ళేవారు. మామయ్య మాత్రం గుంటూరులో ఒక డాక్టరుగారి దగ్గర చాలాకాలం డ్రైవరుగా చేశాడు. డాక్టరుగారు కొత్త కారు కొనుక్కున్నప్పుడు పాతదాన్ని మామయ్య తీసుకుని ఊరికి వచ్చేశాడు. నల్ల కారు. తలుపులు గట్టిగా లాగితే గాని పడేవి కావు. అయినా ఆదివారం పూట అది చర్చి ముందు నిలబడి ఉంటే, అది మా అందరిదీ అన్నట్టుగా చూసుకునేవాళ్ళం.

పెళ్ళికూతుళ్ళను అత్తవారింటికి, నొప్పులు పడుతున్నవాళ్ళను ఆసుపత్రికి, అలా కిరాయికి తిప్పేవాడు. చలి మొదలైన రోజుల్లో దానికి జబ్బు చేసింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే బండి మొత్తం వణికిపోయేది. రోడ్డెక్కి వేగం అందుకుంటే బాగానే పోయేది. ఎక్కడైనా ఆగి ఇంజను ఊరికే తిరగాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎగిరెగిరి పడేది. వెనక సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ వచ్చేది. కొన్ని పొద్దులు అసలు స్టార్టే అయ్యేది కాదు. అప్పుడు పక్కింటి అక్క వాళ్ళాయన వచ్చి తోసేవాడు. నేను ఆయన్ని బావా అని పిలిచేదాన్ని. చేలల్లో పత్తికి పురుగుమందు కొట్టడం ఆయన పని. మంచి బలమైన మనిషి. కారు కదలగానే చేతులు దులుపుకుంటూ, మీ మామయ్య కారుకు పెట్రోలు నేనేనని నాతో వేళాకోళమాడేవాడు.

టీ కొట్టు దగ్గర తలా ఒక మాట చెప్పారు. పెట్రోలు కల్తీదని ఒకరు, కారుకు వయసైపోయిందని ఒకరు, చలికి ఏ బండైనా అంతేనని ఇంకొకరు. నేనూ విన్నదాన్ని విన్నట్టు మామయ్యకు చేరవేశాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"ముందే పేరు పెట్టెయ్యకే. చూడు, విను. తర్వాత చెబుదువుగాని," అన్నాడు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను పక్కన నిలబెట్టుకుని బోనెట్ ఎత్తాడు. పొగ నల్లగా ఉంటే ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతోందనీ, నీలంగా ఉంటే ఆయిలు కాలిపోతోందనీ, తెల్లగా ఉంటే నీళ్ళు వెళ్ళకూడని చోటికి వెళ్తున్నాయనీ చెప్పాడు. చలి పొద్దుల్లో ఏ బండికైనా కాసేపు తెల్లగానే వస్తుందట. ఇంజను వేడెక్కాక కూడా ఆగకపోతేనే అనుమానించాలట. మేం చాలాసేపు నిలబడి చూశాం. పొగ ఆగలేదు. తర్వాత పొడిగుడ్డ చేత్తో పట్టుకుని, పెట్రోలును అంటించే ప్లగ్గుల వైర్లు ఒకదాని తర్వాత ఒకటి ఊడదీస్తూ నన్ను వినమన్నాడు. ఒక వైరు తీయగానే ఇంజను గొంతు పడిపోయింది. దాన్ని పెట్టేసి ఇంకొకటి తీస్తే మళ్ళీ పడిపోయింది. మూడోది తీసినప్పుడు ఏ మార్పూ లేదు. పని చేసేదాన్ని తీసేస్తే తేడా తెలుస్తుంది, అసలే పని చేయనిదాన్ని తీస్తే ఏం తెలుస్తుంది అన్నాడు. ఆ ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టాడు. తడిగా ఉంది. వాసన చూశాను. పెట్రోలు కాదు, నీళ్ళు.

ఇంజనుకు పైన మూతలాంటి హెడ్డు ఉంటుందనీ, దాని కింద సందు లేకుండా వేసే గాస్కెట్ అనే పలచటి రేకు కాలిపోయిందనీ, రేడియేటర్లో నీళ్ళు ఆ సందులోంచి లోపలికి దిగుతున్నాయనీ తేల్చాడు. హెడ్డు విప్పాలి. గాస్కెట్ గుంటూరు నుంచి తెచ్చుకోవాలి. కొన్నాళ్ళు బండి కదలదు. అవి పెళ్ళిళ్ళ రోజులు. ముందే ఒప్పుకున్న కిరాయిలున్నాయి. ఈ పెళ్ళి అవగానే విప్పుతానన్నాడు. అది అయ్యాక ఇంకో పెళ్ళి వచ్చింది. రోజూ పొద్దున్నే రేడియేటర్లో నీళ్ళు నింపి, డిక్కీలో ఇంకో డబ్బా పెట్టుకుని బయల్దేరేవాడు. అలా నెల గడిచింది.

ఒక శనివారం, ఒంటిపూట బడి అయి నేను ఇంటికి వచ్చి అన్నం తింటున్నాను. బయట కేకలు వినబడ్డాయి. బావను ఎడ్లబండి మీద తీసుకొచ్చారు. ఎండలో, గాలికి ఎదురుగా, పొద్దుటి నుంచీ మందు కొట్టాడట. చెట్లు మనిషి ఎత్తున ఉన్నాయి, మందంతా ముఖానే పడింది. రెండుసార్లు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పినా ఆ చేను ఆసామి మిగిలిన నాలుగు సాళ్ళూ అవగొట్టి పొమ్మన్నాడట. నోట్లోంచి నురగ వస్తోంది. ఒళ్ళంతా చెమట. చేతుల కండలు వాటంతటవే ఎగిరిపడుతున్నాయి. అమ్మ చొక్కా చింపేసి సబ్బుతో ఒళ్ళు కడిగింది. అక్క పిలుస్తుంటే ఆయన పలకడం లేదు.

మామయ్య అప్పుడే ఒక పెళ్ళి కిరాయి నుంచి వచ్చి ఉన్నాడు. ఒక్క క్షణం కారు వంక చూశాడు. ఆ చూపు నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు. తర్వాత రేడియేటర్లో నీళ్ళు పోసి, ఎక్కించండి అన్నాడు. వెనక సీట్లో అక్క ఒళ్ళో బావ తల, ఆయన కాళ్ళ దగ్గర అమ్మ. ముందు సీట్లో నేను. అక్క నెలల పిల్లను నా ఒళ్ళో పడేశారు.

దారి పొడుగునా కారు బాగానే పోయింది. గతుకుల్లో కూడా వేగం తగ్గించలేదు మామయ్య. పెద్ద రోడ్డు ఎక్కితే గంటలో గుంటూరు పెద్దాసుపత్రిలో ఉంటామని అమ్మ అక్కకు చెబుతోంది. చిలకలూరిపేట దగ్గరికి వచ్చేసరికి రోడ్డు ఆగిపోయి ఉంది. పత్తి మిల్లుకు సరుకు తెచ్చిన ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు రెండు వరుసల్లో నిలబడి ఉన్నాయి. ముందుకు లేదు, వెనక్కు లేదు. కారు ఆగింది. ఇంజను వణకడం మొదలుపెట్టింది. మామయ్య ఆగిపోకుండా రేస్ ఇస్తూనే ఉన్నాడు. వెనక అద్దంలోంచి చూస్తే తెల్ల పొగ తప్ప ఏమీ కనబడలేదు. హారన్ కొడుతూ, కిటికీలోంచి తల బయటపెట్టి దారి ఇమ్మని అరుస్తూ ఉండగానే ఇంజను రెండుసార్లు అదిరి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ కాలేదు. తోయడానికి రోజూ వచ్చే మనిషి వెనక సీట్లో పడి ఉన్నాడు.

మామయ్య దిగి బండ్ల మధ్యలోంచి పరిగెత్తాడు. సరుకు దింపేసి మిల్లులోంచి బయటికి వస్తున్న ఒక లారీకి అడ్డంగా నిలబడి ఆపాడు. నలుగురు కూలీలు బావను చేతుల మీద మోసుకెళ్ళి అందులో పడుకోబెట్టారు. అక్క ఎక్కింది, మామయ్య ఎక్కాడు. పిల్ల మా దగ్గరే ఉండిపోయింది. అమ్మా నేనూ ఆ చచ్చిపోయిన కారు పక్కన నిలబడ్డాం. పిల్ల పాలకోసం ఏడ్చీ ఏడ్చీ నిద్రపోయింది. బండ్లవాళ్ళు మా వంక చూసుకుంటూ పోయారు. పొద్దు వాలుతుండగా మా ఊరి ట్రాక్టరు ఒకటి మమ్మల్ని ఎక్కించుకుంది.

బావ ఆసుపత్రి గుమ్మం వరకూ ఊపిరితో ఉన్నాడు. లోపలికి తీసుకెళ్ళిన కాసేపటికే పోయాడు.

సమాధి చేసిన రోజు పేటంతా మా మామయ్యను మెచ్చుకుంది. లారీకి అడ్డంగా నిలబడ్డాడని, తన సొంత మనిషికైనా అంత చెయ్యరని. పాస్టరుగారు దేవుడి చిత్తమన్నారు. చేను ఆసామి వచ్చి కాసేపు నిలబడి, అతనికి ముందునుంచే గుండెజబ్బు ఉండి ఉంటుందని పక్కవాళ్ళతో అని వెళ్ళిపోయాడు. 

కారును ఎడ్లతో ఇంటికి లాగించుకొచ్చాక మామయ్య హెడ్డు విప్పాడు. గాస్కెట్ ఆయన చెప్పిన చోటే కాలిపోయి ఉంది. దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, పక్కింటికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. అక్క గుమ్మంలో కూర్చుని పిల్లకు పాలిస్తోంది. మామయ్యను చూసి కొంగు సర్దుకుని, కూర్చో అన్నయ్యా అంది. ఆయన కూర్చోలేదు.

"అమ్మాయ్, ఆ రోజు కారు ఆగిపోవడం ఎవరి ఖర్మా కాదు. అది ఎక్కడన్నా నిలబడాల్సొస్తే ఆగిపోద్దని నాకు నెల ముందే తెలుసు. బాగుచెయ్యకుండా తిప్పాను," అన్నాడు.

అక్క పాలివ్వడం ఆపింది. పిల్లను భుజాన వేసుకుంది.

"కారు ఆగకపోతే బతికేవాడా?"

"తెలీదు. డాక్టరుగారిని అడిగాను. ఇంకాస్త ముందు తెస్తే చూసేవాళ్ళం అన్నారు. బతికేవాడనలేదు, బతకడనీ అనలేదు."

"ఎందుకు చెప్పావన్నయ్యా? తెలియకపోతే దేవుడే తీసుకుపోయాడనుకుని పడుండేదాన్ని," అంది అక్క. ఆ తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మామయ్య ఆ తలుపు ముందు ఇంకాసేపు నిలబడ్డాడు. మా అమ్మకు సంగతి తెలిసి తిట్టింది. ఆమె దుఃఖం ఆమెను పడనివ్వకుండా నీ బరువు తీసుకెళ్ళి ఆమె నెత్తిన పెట్టావంది.  నేను చీకటిపడే వేళ అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, ఎవరూ అడగలేదుగా, ఎందుకు చెప్పావని అడిగాను.  వాళ్ళందరూ ఆమెకు తలా ఒక కారణం చెప్పి పోయారే, అన్నాడు. అందులో నిజమేదో ఆమెకెవరు చెబుతారు? నాకు తెలిసిన ముక్క ఒకటుంది, అదన్నా ఆమె దగ్గర ఉండాలిగా.

అక్క ఆయనతో మాట్లాడటం మానేసింది. ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. అయితే ఆ తర్వాత కొన్నాళ్ళకు, నెలల పిల్లను చంకన వేసుకుని, ఆ ఆసామి ఇంటికి వెళ్ళింది. అరుగు మీద నలుగురు పెద్దమనుషులు ఉన్నారట. కారు తప్పు కారువాడు నా గుమ్మంలోకొచ్చి ఒప్పుకున్నాడండీ, కళ్ళు తిరుగుతున్నాయన్న మనిషిని పోనివ్వకుండా మందు కొట్టించింది మీరు, మీరేమంటారు అని అందరి ముందూ అడిగిందట. ఆయన ఏమీ ఒప్పుకోలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. కానీ మరుసటి ఏడు మా పేట మగవాళ్ళు ఎండెక్కాక మందు కొట్టేది లేదన్నారు, ముఖానికి గుడ్డ లేకుండా చేలో దిగేదీ లేదన్నారు. కొందరు ఆసాములు వాళ్ళను మాన్పించి వేరే ఊరి నుంచి కూలీలను తెచ్చుకున్నారు.

మామయ్య కారు బాగుచేసుకున్నాడు. దానికి కొంచెం తేడా చేసినా, ఎంతటివాళ్ళు అడిగినా కదిలించేవాడు కాదు. ఆయన పోయినప్పుడు అక్క వచ్చింది. శవపెట్టె పక్కన కూర్చుని ఏడవలేదు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మీ మామయ్య మీద కోపం ఇప్పటికీ పోలేదే. అయినా ఈ ఊళ్ళో నన్ను మనిషిగా చూసింది ఆయనొక్కడే," అంది.

నేను పెరిగి నర్సునయ్యాను. గుంటూరు చుట్టుపక్కల ఆసుపత్రుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. పోయిన మనిషి తాలూకు వాళ్ళు వరండాలో నిలబడి మన ముఖంలోకి చూస్తారు. అప్పుడు నోటికి సులువుగా వచ్చే మాటలు చాలా ఉంటాయి. దేవుడి దయ లేదనో, టైము బాగాలేదనో అనేసి పక్కకు తప్పుకోవచ్చు. మేం ఆలస్యం చేసిన రోజులూ ఉన్నాయి. అలాంటప్పుడు నాకు తెలిసినంతవరకు జరిగింది జరిగినట్టు చెప్పాను. తెలియనిది తెలియదన్నాను. కొందరు నా ముఖాన ఉమ్మేసినంత పని చేశారు. పైవాళ్ళు పిలిచి మందలించారు. అలా చెప్పడం వల్ల ఎవరి దుఃఖమైనా తగ్గిందని నేను అనుకోను. మా అమ్మ అన్నదీ నిజమే కావచ్చు, నా బరువు వాళ్ళ మీద పెట్టానేమో. కానీ చెప్పకుండా వచ్చేద్దామని వెనక్కి తిరిగిన ప్రతిసారీ నా కాళ్ళు ఆగిపోయేవి.