రాజుగారి పొగపడవకు నాడి చూసిన వైనం

ఒక రాజుగారినీ, ఆయన తల్లిగారినీ, వాళ్ళ పురోహితుణ్ణీ ఒకే పూట నిలువునా మసిబొమ్మల్ని చేసిన ఘనుడు గోదావరి జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఈ కథ చెబుతున్నది వాడే. కొరివితో తల గోక్కునేవాళ్ళను మీరు చాలామందినే చూసి ఉంటారు. నేను గోకింది రాజుగారి తల.

అప్పటికి నాకు మీసం వచ్చింది, తెలివి ఇంకా బయల్దేరలేదు. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న రోజుల్లో సున్నపు బట్టీల దగ్గర కొన్నాళ్ళు పనిచేసి రాజోలు తిరిగొచ్చాను. అక్కడ ఒక ఆవిరియంత్రం ఉండేది, నేనూ ఉండేవాణ్ణి. మా ఇద్దరికీ అంతకుమించి పరిచయం లేదు. కాని ఊళ్ళో అరుగెక్కి కూర్చున్నాక ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? గొట్టంలోంచి వచ్చే పొగ రంగు చూసి యంత్రం రోగం చెప్పేస్తానని ప్రచారం చేసుకున్నాను. తెల్లపొగ వస్తే జలుబు, నల్లపొగ వస్తే అజీర్ణం. మూడో రంగు గురించి ఎవరూ అడగలేదు కాబట్టి బతికిపోయాను.

ఆ మాట మా రాజుగారి చెవిన పడింది. ఆయన ఈమధ్యే కోరంగి రేవులో ఎవరో ఏళ్ళ తరబడి వాడి వదిలేసిన ఒక చిన్న పొగపడవ కొన్నారు. సరుకు మోయడానికి కాదు, అవతలి ఒడ్డు రాజుగారి తెడ్ల పడవను దాటిపోవడానికి. సన్నగా, కోడెత్రాచులా ఉండేది. భీష్మ ఏకాదశికి అంతర్వేది కల్యాణానికి ఇద్దరు రాజులూ బయల్దేరుతున్నారు. ముందు చేరినవారికి దేవుడు దక్కుతాడు. వెనక చేరినవారికీ దక్కుతాడు గాని పరువు దక్కదు.

ఆ ఉదయం రేవంతా జనం. పడవ మీద రాజుగారు తెల్లటి జరీ అంగీలో, తల్లిగారు మడిచీరలో, పురోహితుడు పట్టుపంచెలో కూర్చున్నారు. పొగ చూసేవాణ్ణి కనుక నన్ను గొట్టం పక్కనే నిలబెట్టారు. పడవ నడిపే సరంగు పొయ్యి రాజేయించాడు. గొట్టంలోంచి ఏకిన దూదిలా తెల్లటి పొగ గుప్పుమంది. రాజుగారు నావైపు తిరిగారు.

"ఏవయ్యా, ఏంటీ పొగ?"

తెలియదండీ అంటే అక్కడితో పోయేది. నేను గొట్టానికి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నాడి చూశాను. చెయ్యి చురుక్కుమంది. ఆ చురుకును కూడా గంభీరంగానే భరించాను.

"జలుబు చేసిందండీ. లోపల నీరు చేరిపోయింది. చమురు పట్టిస్తే తగ్గిపోద్దండి."

తల్లిగారు ఒకసారి పొగవైపు చూశారు. "నా మడిపొయ్యి కూడా పొద్దున్నే ఇలాగే ఏడుస్తుంది నాయనా. డొక్కలు మంచుకి తడిసుంటాయి. కాసేపాగితే అదే పోతుంది."

నిజమే, పొయ్యిలో వేసినవి కొబ్బరి డొక్కలే, రాత్రంతా మంచులో తడిసినవే. కాని వంటింటి మాటకు తలూపితే నా శాస్త్రం ఏమైపోవాలి? అది పొయ్యి, ఇది యంత్రం అని మర్యాదగానే మనవి చేశాను. రాజుగారు నా పక్షానే మొగ్గారు. ఆగడమనే మందు పైసా ఖర్చులేనిది, ఖర్చులేని మందంటే రాజులకు గురి తక్కువ.

గానుగ నుంచి కుండెడు కొబ్బరినూనె తెప్పించి పొయ్యిలో గుమ్మరించాం. తెల్లపొగ ఆ క్షణంలోనే మాయమైంది. జనం నన్ను మెచ్చుకోలుగా చూశారు. అంతలోనే నల్లపొగ లేచి, ఒడ్డున ఉన్న కొబ్బరితోట తోటంతా కనబడకుండా పోయింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు గాని, పండితుడు లేనిదే ఇంత పొగ రాదు.

ఇదేమిటని రాజుగారు దగ్గుతూ అడిగారు. అజీర్ణమని, గొట్టం కడుపు ఉబ్బిందని, రోకళ్ళతో నాలుగు దెబ్బలు వేస్తే సర్దుకుంటుందని చెప్పాను. సరంగు ఏదో అనబోయాడు. రాజుగారు చూసిన చూపుకు పడవ అవతలి కొసకు వెళ్ళి నిలబడ్డాడు. రోకళ్ళు వచ్చాయి. రెండు దెబ్బలకే, ఏనాడో తుప్పు పట్టిన ఆ గొట్టం మెడ విరిగి, దణ్ణం పెడుతున్నట్టు రాజుగారి వైపు వంగి, ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్న మసి అంతా ఒక్కసారిగా కక్కింది.

అజీర్ణం మాత్రం పూర్తిగా తీరింది.

మసి సద్దుమణిగాక పడవ మీద మూడు జతల తెల్లటి కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. అవి మూడూ నన్నే చూస్తున్నాయి. సరిగ్గా అప్పుడే అవతలి రాజుగారి తెడ్ల పడవ వచ్చి మా పక్కన నెమ్మదించింది. ఆయన మా రాజుగారి ముఖంలోకే చూసి మర్యాదగా అడిగారు.

"మీ రాజుగారు ఇంకా బయల్దేరలేదాండీ?"

మా రాజుగారు చేతులు కట్టుకుని, "ఆయ్, ఇంకా లేదండీ" అన్నారు.

కొరడా తప్పదనుకుని చాలాకాలం వాళ్ళ వీధి తొక్కలేదు. ఒకరోజు కబురొచ్చింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళితే, రాజుగారు నవ్వుతూ భుజం మీద శాలువా కప్పారు. అవతలి రాజుగారు కూడా పొగపడవ కొన్నారనీ, మనదానికంటే పెద్దదనీ, మొదటిసారి నిప్పు వేస్తున్నారనీ, పొగ చూడటంలో నా అంతటివాడు లేడని తానే స్వయంగా సిఫారసు చేశాననీ చెప్పారు.

నేను కాళ్ళమీద పడ్డాను. "బాబుగారూ, నాకు పొగ గురించి ఒక్క ముక్క తెలీదండీ."

"అందుకేనయ్యా నిన్ను పంపుతోంది" అన్నారు రాజుగారు.

శాలువాతో సహా అటునుంచి అటే కె.గంగవరంలో ఉన్న మా మేనత్త ఇంటికి పారిపోయాను. దారిలో రేవు దాటుతూ గోదావరి నీళ్ళు దోసిట పట్టి ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ గొట్టంలోంచి ఏ రంగు పొగ వచ్చినా, ఆఖరికి మా మేనమామ చుట్టలోంచి వచ్చినా సరే, కారణం చెప్పను. ఎవరైనా మరీ బలవంతం చేస్తే దగ్గి ఊరుకుంటాను.