గ్రిజెల్ ఇంటి దూలాలు

బార్లోకన్ అనే పల్లెలో ఎనిమిది కొంపలు. అందరికీ కలిపి ఒకటే నాగలి, ఇంటికొకటి చొప్పున ఎనిమిది ఎద్దులు. మంచి నేల ఎప్పుడూ ఒకడికే దక్కకుండా ఏటా వసంతంలో చీట్లు వేసి పొలం చెక్కలు పంచుకునేవాళ్లు. మొగుడు పోయాక గ్రిజెల్ మెక్వే తన ఎద్దును తనే తోలుకొచ్చి కాడికి కట్టింది.

"ఆడదానితో దున్నితే సాళ్లు వంకర పోతాయి" అని మగాళ్లు నవ్వారు.

"మీ సాళ్ల వెంట నడిస్తే పాముకి కళ్లు తిరుగుతాయి. ముందవి చూసుకోండి" అంది.

రెండు మైళ్ల అవతల సముద్రపు ఒడ్డు నుంచి నాచు గంపలకెత్తి, వీపున మోసుకొచ్చి నేలకి ఎరువుగా వేసేది. వచ్చే ఏడు ఆ చెక్క ఇంకొకరిదవుతుందని తెలిసే వేసేది.

1723లో మాత్రం చీట్లు పడలేదు. ఆ నేలకి సొంతదారు దొర; ఆయన గుమాస్తా కానన్ నేల కొలిచే గొలుసు మనిషిని వెంటేసుకొచ్చి పొలాలన్నీ కొలిపించాడు. రెండేళ్లు పండించి, అయిదేళ్లు పశువుల మేతకి వదిలే మెట్టనంతా "వృథా నేల" అని రాయించాడు.

"వృథానా?" గ్రిజెల్ గొలుసు మీద కాలేసి నిలబడింది. "పొద్దున నేను తాగొచ్చిన ఓట్స్ జావ ఆ వృథాలోదే. నా ఆవు పాలిచ్చేదీ అది మేసే. నీకు కళ్లున్నాయా, కాగితమే ఉందా?"

"నాతో వాదించి లాభం లేదమ్మా. ఇంగ్లండుకి తోలే పశువుల కోసం దొరగారు ఇక్కడ మేత బీడు పెడుతున్నారు. చుట్టూ రాతిగోడ లేస్తుంది. మే నెలాఖరుకి ఊరు ఖాళీ చెయ్యాలి. ఒక్క గిల్బర్ట్ ఉంటాడు, మందల్ని చూసుకోడానికి."

గిల్బర్ట్ ఆమె మొగుడి తమ్ముడు. తలెత్తకుండా అన్నాడు: "నేను కాదంటే ఇంకొకడు ఒప్పుకుంటాడు వదినా. నువ్వు మా ఇంటికొచ్చెయ్. పాలు పితకడానికి ఎలాగూ మనిషి కావాలి."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. "పనిమనిషి కావాల్సొస్తే వదిన గుర్తొచ్చిందిరా నీకు! మీ అన్న నీకు నాగలి పట్టడం నేర్పింది ఏడిళ్ల వాళ్లని వెళ్లగొట్టడానికా?"

వెళ్లాల్సిన రోజు కానన్ మళ్లీ వచ్చాడు. ఇళ్లు పశువుల కొట్టాలకి పనికొస్తాయి, కప్పుల దూలాలు ఎవరూ విప్పుకుపోకూడదన్నాడు. గ్రిజెల్ అప్పటికే నిచ్చెన మీదుంది.

"నేల దొరది. గోడలు ఆ నేల మట్టితోనే కట్టాం, అవీ ఆయనవే అనుకో. ఈ దూలాలు మాత్రం మా మామగారు పగిలిన ఓడ నుంచి ఈదుకుంటూ లాక్కొచ్చినవి. సముద్రం కూడా మీ దొరదేనా?"

కింద ఎవరో పకపకా నవ్వారు. ముసలి ఆండ్రో తన ఇంటి కప్పెక్కాడు. చూస్తుండగానే మిగతావాళ్లూ ఎక్కారు.

"సిపాయిల్ని పిలిపిస్తా!" అరిచాడు కానన్.

"పిలిపించు నాయనా. తలో చెయ్యీ వేస్తే మాకు బరువు తగ్గుతుంది."

మధ్యాహ్నానికి ఏడిళ్లు కప్పుల్లేక బోసిపోయాయి. గిల్బర్ట్ తన ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఏడు కుటుంబాలూ చెల్లాచెదురయ్యాయి. గ్రిజెల్ సముద్రపు ఒడ్డున రాళ్ల నేలలో ఆ దూలాలతోనే చిన్న గుడిసె వేసుకుంది. ఉన్ని వడికింది, గుల్లలేరుకుంది. మరుసటి వేసవిలో చుట్టుపక్కల జనం గుంపులుగా వెళ్లి దొరల గోడలు పడగొడుతుంటే తనూ గునపం పట్టుకెళ్లి మూడు బారల గోడ కూల్చింది. నెల తిరక్కుండా దొర మళ్లీ కట్టించాడు. కూల్చినవాళ్లలో కొందరు జైలుకెళ్లారు. ఊళ్లు ఖాళీ చేయించినవాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఆ మాట ఎత్తితే చాలు, ఆమె చేతిలో దారం తెగిపోయేది.

ఎనిమిదేళ్లకి గిల్బర్ట్ వచ్చాడు. జుట్టు నెరిసింది.

"మా ఆవిడ పోయింది వదినా. పలకరించే మనిషి లేడు. పగలల్లా ఎద్దుల మొహాలే. రారాదూ?"

"మనుషులుండేవాళ్లు కదరా" అంది గ్రిజెల్. "ఏడిళ్ల నిండా ఉండేవాళ్లు."

అంత దూరం నడిచొచ్చాడు గనక గిన్నెడు జావ ఇచ్చింది. గుమ్మం బయటే నిలబెట్టి ఇచ్చింది.