హెలికాప్టర్ చూడాలన్న నాయన

మా నాయన మెడ ఎత్తలేడు. అర్ధవీడు దగ్గర మా ఊళ్లో బోరు నీళ్లు తాగి తాగి ఆయన ఎముకలు బిగుసుకుపోయాయి. నడుము ముందుకు వంగిపోయి చూపు నేలమీదే ఆగిపోయింది. వెల్లకిలా పడుకోవడం కూడా చేతకాదు. ఫ్లోరైడ్ అని డాక్టర్లు ఒక పేరు చెప్పి మాత్రలిచ్చి పంపారు. మంచినీళ్లు తెస్తామని ఓట్లకు వచ్చినవాళ్లంతా చెప్పారు. వాళ్ల నోట్లో మన్ను పడ!

అలాంటి మనిషికి హెలికాప్టర్ పిచ్చి పట్టుకుంది. ఎవరో మొగుడూ పెళ్లాలు హెలికాప్టర్‌లో ప్రపంచమంతా చుట్టివస్తూ పెట్టే వీడియోలు నా ఫోన్‌లో చూపించాను, అంతే. రోజూ అన్నం ముందు కూర్చుని, వాళ్లు ఇవాళ ఎందాకా పోయారని అడిగేవాడు. ఫోను ఒళ్లో పెడితే చాలు, మంచుకొండలూ ఇసుకదిబ్బలూ సముద్రాలూ ఆయన మోకాళ్ల మీదుగా జరిగిపోయేవి. ఇదేం పిచ్చని అమ్మ విసుక్కుంటే నాయన నవ్వేవాడు.

"ప్రపంచమంతా తిరిగినా వాళ్లు చూసేది కిందికేనే, నా మాదిరి."

నేను ఇంకో వీడియో పెట్టి ఫోను ఆయన ఒళ్లో సర్దాను.

వాళ్ల ప్రయాణం పూర్తయ్యాక, నిజం హెలికాప్టర్‌ని ఒక్కసారి కళ్లారా చూడాలని నాయన పట్టుబట్టాడు. అంతలో మార్కాపురంలో సభకు ఎవరో పెద్దాయన హెలికాప్టర్‌లో వస్తున్నాడన్నారు. ముందురోజు అది ట్రయల్‌కని మా ఇంటిమీదుగానే పోయింది. ఊరంతా తలెత్తి చూసింది. నాయన చప్పుడొకటే విన్నాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు వాకిట్లో కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టాను. గోడకున్న పెద్ద అద్దం దించి, ఆయన ఒళ్లో ఆకాశం వైపు తిప్పి పట్టుకున్నాను. ఎంతసేపటికో చప్పుడు వినబడింది. కంగారులో అద్దాన్ని అటూ ఇటూ తిప్పేసరికి ఎండ తళుక్కున ఆయన కళ్లల్లో కొట్టింది. కళ్లు నులుముకుని చూసేలోపల హెలికాప్టర్ కొండ దాటిపోయింది. ఆ పెద్దాయన్ని తిట్టాను, ఎండని తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను. ఏడుపు ఆగలేదు.

"పోయింది నాయనా. అద్దం తీసేస్తా," అన్నాను.

నాయన రెండు చేతులతో అద్దం అంచులు గట్టిగా పట్టుకున్నాడు. రెప్ప వెయ్యకుండా అందులోకే చూస్తున్నాడు.

"ఉండనీ పాపా. అది పోతే పోయింది. మనూరి మబ్బులు చూసి ఎన్నేండ్లయిందో."