మండపీత కన్నం

అవనిగడ్డ బస్సులో నా పక్కన కూర్చున్న యానాది ఆవిడ ఒళ్లో పీతల బుట్ట ఉంది. సముద్రం ముందుకొస్తోందంటున్నారు, మీకు భయం లేదా అని అడిగాను.

"మండపీత తడిమట్టి తోడి కన్నం ఎక్కడ చేస్తే అక్కడిదాకా ఉప్పునీళ్లు వస్తయ్యమ్మా. కన్నాలు గుడిసె దగ్గరికొస్తే, అక్కడ మడ మొక్కలు నాటి, గుడిసె ఊడదీసుకుని ఎనక్కి జరుగుతాం. మీ ఇల్లెక్కడ?"

"నాగాయలంక దాటాక. కొత్తగా రెండంతస్తుల డాబా కట్టుకున్నాం."

ఆవిడ నా చేతిమీద చెయ్యి వేసి, దిగేదాకా తియ్యలేదు.

మొన్న పెరటి గోడ మొదట్లో పిడికిలి పట్టేంత కన్నం కనిపించింది. ఎలుకదే అనుకుని సిమెంటు పూశాను. మావారికి చెప్పలేదు.

పొద్దున లేచి తలుపు తీస్తే, గడపకు మూరెడు దూరంలో తడిమట్టి కుప్ప.