ముట్టని మామిడికాయ

ట్రైనింగు స్కూల్లో నాకు నేర్పిన విద్యలు ఇన్నీ అన్నీ కావు. నల్లబల్లకి ఏ పక్కన నిలబడాలి, సుద్దముక్క ఎలా పట్టుకోవాలి, పిల్లవాడి మీద కోపం వస్తే ముఖం ఎలా పెట్టాలి, అన్నీ నేర్పారు. మన్యపు జ్వరంతో వణుకుతూ బడి ఎలా నడపాలో మాత్రం నేర్పలేదు. ఆ జ్వరం మైదానంలో ఉండే పెద్దలకి రాదు కాబోలు.

అన్నిటికీ తలమానికం వస్తుపాఠం. ఒక వస్తువు పిల్లల ముందు పెట్టి, దాని రంగు, ఆకారం, వాసన, రుచి వాళ్ల చేతే చెప్పించాలి. ఇన్స్పెక్టరుగారి ఎదుట ఆ పాఠం చెప్పి మెప్పిస్తేనే సర్టిఫికెట్టు. లేకపోతే పెదబయలు పైనున్న నా బడికి సర్టిఫికెట్టు ఉన్నవాణ్ణి పంపిస్తారు, నేను మూటాముల్లె సర్దుకుని కొండ దిగాలి.

నేను గుప్పెడు చోళ్లు, అంటే రాగులు, పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. మా పిల్లలు రోజూ తాగేది చోడి అంబలే కదా, నన్ను ఆపి మరీ చెప్పగలరు. ఇన్స్పెక్టరుగారు డోలీ దిగి, చెమట తుడుచుకుని, చోళ్ల వంక చూసి ముఖం చిట్లించారు. దిగువనుంచి తెచ్చుకున్న బుట్టలోంచి ఒక మామిడికాయ తీసి నా చేతిలో పెట్టారు.

"చోళ్లకేం పాఠమయ్యా? దీని మీద చెప్పు."

 కొండ మీద 'కొత్త' అనే పండగ చేసి, తొలికాయ అమ్మవారికి పెట్టేదాకా ఎవరూ మామిడి నోట పెట్టరు. పండగ ఇంకా రాలేదు. ఆ మాట చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపేశారు. పరీక్షించడానికి వచ్చినవారికి కొత్త విషయాలు చెప్పడం మర్యాద కాదు మరి.

పిల్లలు రంగు చెప్పారు, ఆకారం చెప్పారు, వాసన దూరంనుంచే చెప్పారు. రుచి అడిగితే ముందు వరసలోని ఆడపిల్ల, ఇక్కడి మాటలో గుంట, లేచి "పుల్లగుంటాది" అంది. నిరుటి రుచి పనికిరాదట. ఇప్పుడు తిని చెప్పాలట, అదీ పద్ధతి. ఆయనే ఒక ముక్క కోసి చాపారు. గుంట చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"ఇంకా కొత్త సెయ్యలేదు బాబూ. తినకూడదు."

ఆయన నావైపు తిరిగారు. "అయితే నువ్వు తిని చూపించు. పంతులు చేసిందే పిల్లలు చేస్తారు."

"అందుకేనండీ, తినను," అన్నాను.

చివరికి ఆయనే తిన్నారు. పళ్లు పులిసి ఒక కన్ను మూసుకున్నారు. రుచి రుజువైంది, నేను తప్పాను. పిల్లల పరిసరాలను పాఠానికి వాడుకోవడం నాకు చేతకాదని రాశారు.

వేరే పంతులు వస్తున్నాడని తెలిసి ఊరి పెద్ద నా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటి పంతులూ, ఎల్లిపోతన్నావంట. వొచ్చేవోడు కొత్త అవ్వకుండా తింటాడేటి?"

"సర్టిఫికెట్టు ఉన్నవాడు. తినమంటే తింటాడు."

"అయితే మా గుంటల్ని బడికి అంపం," అనేసి వెళ్లిపోయాడు.

నాకు మొదట సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. బాగా అయింది ఇన్స్పెక్టరుగారికి అనుకున్నాను. మూట కడుతుంటే ఆ ముందు వరస గుంట గుర్తొచ్చి ఏడుపొచ్చింది. గుణింతాలు దాటి అప్పుడప్పుడే వత్తుల్లోకి వచ్చింది.